గేమ్ మెమరీ టేబుల్ పంచుకోవాలంటే: అడ్రస్ కాదు, దారి ఇవ్వండి

ఆటలో మన డబ్బు మెమరీలో ఏ చోట ఉందో చూసి, "గోల్డ్ అడ్రస్ దొరికింది" అంటూ ఒక హెక్స్ (16 ఆధారంగా రాసే) అంకె పెడితే అవతలివాళ్లకు ఒరిగేదేమీ లేదు. విండోస్ గేమ్‌ను ఎప్పుడూ ఒకే చోట ఎక్కించదు. గేమ్ కూడా ఆటగాడి వివరాలకు అప్పటికప్పుడు మెమరీలో చోటు వెతుక్కుంటుంది. మీరే ఆట మూసి మళ్లీ తెరిస్తే ఆ అడ్రస్‌లో ఇంకేదో ఉంటుంది. కాబట్టి పంచాల్సింది ఆ విలువ దగ్గరికి చేరే దారి. గేమ్ మెమరీలోని విలువలను వెతికి మార్చే చీట్ ఇంజిన్ అనే ప్రోగ్రామ్‌తో ఆ దారి ఎలా పట్టాలో, వేరేవాళ్ల కంప్యూటర్‌లో కూడా నిలబడేలా టేబుల్‌గా (అలాంటి దారులను, స్క్రిప్ట్‌లను దాచే ఫైల్) ఎలా రాయాలో చూద్దాం. సాధనకు దానితోపాటే వచ్చే ట్యుటోరియల్ ప్రోగ్రామ్ చాలు. అందులో 9 మెట్లున్నాయి, 64 బిట్ రకం తెరవండి.

ఇదంతా ఒంటరిగా, ఆఫ్‌లైన్‌లో ఆడే గేములకే. ఆన్‌లైన్ గేమ్‌లో డబ్బు, లెవెల్, సామాను సర్వర్ దగ్గర ఉంటాయి. మీ మెమరీలో ఉన్నది తెరమీద చూపడానికి తెచ్చుకున్న నకలు మాత్రమే. దాన్ని 9,99,999 చేసినా కొనబోతే సర్వర్ తన లెక్కే చూస్తుంది. కదలిక, గురి లాంటివి కొన్ని గేముల్లో మన కంప్యూటర్‌లోనే లెక్కవుతాయి, నిజమే. వాటిని మార్చడమంటే ఎదుట ఆడుతున్న మనిషి ఆట పాడుచేయడమే. ఈజీ యాంటీ చీట్, బాటిల్‌ఐ లాంటి కాపలా ప్రోగ్రాములు ఉన్నది కూడా అందుకే. స్టీమ్‌లో వాల్వ్ యాంటీ చీట్ వేసే నిషేధం శాశ్వతం. ఆన్‌లైన్ గేమ్ తెరిచే ముందు చీట్ ఇంజిన్ పూర్తిగా మూసేయండి, వెనకాల ఊరికే తెరిచి ఉంచడం కూడా వద్దు.

మొదలుపెట్టే ముందు సేవ్ ఫోల్డర్‌ను వేరేచోటికి కాపీ చేసుకోండి. క్లౌడ్ సేవ్ ఉంటే ఆపండి, లేకపోతే చెడిపోయిన సేవ్ వెళ్లి మంచిదాని మీద కూర్చుంటుంది.

విలువ వెతకడం తేలిక. కంప్యూటర్ బొమ్మ నొక్కి ప్రాసెస్ ఎంచుకోండి. తెరమీద 100 కనిపిస్తుంటే 100 అని రాసి ఫస్ట్ స్కాన్ కొట్టండి. ఆటలో ఆ అంకె మార్చి, కొత్త అంకెతో నెక్స్ట్ స్కాన్ కొట్టండి. రెండు మూడు సార్లలో వేల అడ్రస్‌లు ఒకటి రెండుకు దిగుతాయి. అంకె కాకుండా గీత మాత్రమే కనిపిస్తే అన్‌నోన్ ఇనిషియల్ వాల్యూతో మొదలుపెట్టి, తగ్గినప్పుడు డిక్రీజ్డ్, ఏమీ జరగనప్పుడు అన్‌చేంజ్డ్ ఎంచుకుంటూ పోవాలి. ఈ అన్‌చేంజ్డ్‌ను చాలామంది మరచిపోతారు. నిజానికి చెత్తను ఎక్కువగా ఊడ్చేది అదే.

ఎంత వెతికినా దొరకలేదంటే తప్పు తరచుగా విలువ రకంలో ఉంటుంది. మొదట ఎంపికై ఉండేది 4 బైట్లు. ప్రాణశక్తి, వేగం, దూరం లాంటివి ఎక్కువగా ఫ్లోట్‌గా (దశాంశ సంఖ్యగా) ఉంటాయి. ట్యుటోరియల్ 4వ మెట్టులో ప్రాణశక్తి ఫ్లోట్, తూటాలు డబుల్ (ఇంకా కచ్చితమైన దశాంశ సంఖ్య). రెండింటినీ 5000 చేస్తే తర్వాతి మెట్టు తెరుచుకుంటుంది.

అసలు పని ఇక్కడ మొదలవుతుంది. దొరికిన అడ్రస్ నల్లగా ఉంటే తాత్కాలికం, ఆకుపచ్చగా ఉంటే గేమ్ ఫైల్‌కు కట్టుబడిన స్థిరమైన చోటు. నల్లదాని నుంచి ఆకుపచ్చదానికి వెనక్కి నడవాలి. అడ్రస్ మీద ఎఫ్5 నొక్కితే దాన్ని ముట్టుకుంటున్న కోడ్ వరస కనిపిస్తుంది. అందులో చదరపు కుండలీకరణంలో ఒక రిజిస్టర్ (ప్రాసెసర్ లోపలి చిన్న నిల్వ చోటు), దాని పక్కన కూడిన అంకె ఉంటాయి. ఆ అంకె ఆఫ్‌సెట్, రాసిపెట్టుకోండి. వివరాల్లో రిజిస్టర్‌లో ఉన్న విలువ తీసుకుని, హెక్స్ పెట్టెలో టిక్ పెట్టి, 8 బైట్ల రకంతో వెతకండి. 64 బిట్ గేమ్‌లో పాయింటర్ (ఇంకో అడ్రస్‌ను దాచుకున్న విలువ) పొడవు 8 బైట్లు, 4తో వెతికితే సగమే పోలుస్తారు. ఆకుపచ్చది రాకపోతే వచ్చిన నల్లదానిమీద ఇదే పని మళ్లీ చేయాలి. 8వ మెట్టులో ఇలా 4 అంచెలు ఎక్కాలి.

తర్వాత యాడ్ అడ్రస్ మాన్యువల్లీలో పాయింటర్ టిక్ పెట్టి, అడుగున ఆకుపచ్చ అడ్రస్, పైన ఒక్కొక్క ఆఫ్‌సెట్ ఇవ్వండి. ఆఫ్‌సెట్లు హెక్స్‌లోనే రాయాలి. 18 అని కనిపించినదాన్ని 24గా మార్చి రాయడం, అంచెల వరస తలకిందులు చేయడం: పాయింటర్ పనిచేయలేదంటే మొదట ఈ రెండూ చూడండి. సరిగ్గా వచ్చాక కంప్యూటర్ రీస్టార్ట్ చేసి, వేరే సేవ్ లోడ్ చేసి కూడా పరీక్షించండి. ఆ రెండూ గట్టెక్కని పాయింటర్‌ను పంచవద్దు.

గేమ్‌కు అప్‌డేట్ వస్తే పాయింటర్ చాలాసార్లు విరుగుతుంది. కోడ్ మాత్రం అంతగా మారదు, అందుకే ఎక్కువకాలం బతికేది ఏఓబీ ఇంజెక్షన్. అంటే కోడ్‌లోని బైట్ల వరసను (అర్రే ఆఫ్ బైట్) వెతికి పట్టుకుని, అక్కడ మన కోడ్ చొప్పించడం. విలువ మీద ఎఫ్6 నొక్కి, దాన్ని మార్చే సూచనను (ప్రాసెసర్‌కు ఇచ్చే ఒక ఆదేశం) డిసాసెంబ్లర్‌లో, అంటే కోడ్‌ను చదవగలిగేలా చూపే విండోలో తెరిచి, ఆటో అసెంబుల్‌లోని టెంప్లేట్ మెనూలో ఏఓబీ ఇంజెక్షన్ నమూనా ఎంచుకోండి. 7వ మెట్టులో 1 తీసేసే సూచన ఉంటుంది, దాన్ని 2 కలిపేలా మార్చాలి. ఆ సూచన పొడవు 7 బైట్లు, దానిమీద పడే జంప్ 5 బైట్లు. మిగిలిన 2 బైట్లను నమూనా నాప్‌తో (ఏ పనీ చేయని సూచనతో) నింపుతుంది. చేత్తో రాసేవాళ్లు ఈ 2 వదిలేస్తే గేమ్ అక్కడే కూలిపోవచ్చు.

బైట్ల వరస మొత్తం గేమ్‌లో ఒకేచోట దొరకాలి. అర్రే ఆఫ్ బైట్ రకంతో వెతికి చూసుకోండి. అప్పుడు రైటబుల్ టిక్‌ను బూడిదరంగులోకి తేవాలి, ఎందుకంటే కోడ్ ఉండే చోటు రాయడానికి వీల్లేనిది. టిక్ అలాగే ఉంచితే "ఏమీ దొరకలేదు" అని వస్తుంది, మంచి వరసను పారేసి మళ్లీ మొదటికొస్తారు. కాల్, జంప్ సూచనల్లో గమ్యం చెప్పే 4 బైట్లు అప్‌డేట్‌తో మారతాయి, వాటి స్థానంలో ప్రశ్నార్థకాలు పెట్టండి.

పంచిన టేబుళ్లలో తరచూ కనిపించే లోపం ఇంకొకటి ఉంది. మీ ప్రాణశక్తి తగ్గించే కోడే శత్రువుదీ తగ్గిస్తుంటుంది. ఆ సూచనను నాప్ చేస్తే శత్రువులూ చావరు. 9వ మెట్టు మొత్తం దీనికోసమే పెట్టారు. డిసెక్ట్ డేటాలో మీ ఆటగాడిని, శత్రువును పక్కపక్కన తెరిచి, జట్టు అంకెలాంటి తేడా పట్టుకుని, కోడ్‌లో దాన్ని పోల్చి మీవాళ్లను మాత్రమే కాపాడాలి.

ఇక పంచేటప్పుడు గేమ్ వెర్షన్ సంఖ్య, ఏ స్టోర్‌లో కొన్నది, 32 బిట్టా 64 బిట్టా తప్పక రాయండి. ఒకే గేమ్ అయినా స్టీమ్ ఫైల్, జీఓజీ ఫైల్ వేరుగా ఉండొచ్చు. స్క్రిప్ట్ అడుగున అసలు కోడ్ చుట్టుపక్కల వరసలను నమూనా తానే వ్యాఖ్యగా పెడుతుంది, బరువని తీసేయకండి. రేపు అప్‌డేట్ వచ్చినప్పుడు, మీరు అందుబాటులో లేకపోయినా, ఇంకొకరు ఆ వరసలు చూసే కొత్త చోటు పట్టుకుంటారు. విలువ ఏ రకం, ఏ పని చేసినప్పుడు మారుతుంది, ఏ స్కాన్‌తో దొరికింది అనేవి కూడా రెండు ముక్కల్లో రాయండి.

వేరేవాళ్ల టేబుల్ తెచ్చుకున్నప్పుడు ముందు నోట్‌ప్యాడ్‌లో తెరవండి. అది మామూలు ఎక్స్ఎంఎల్ పాఠమే, అందులోని స్క్రిప్ట్‌లు చదవొచ్చు. లువా అనే భాషలో రాసిన స్క్రిప్ట్ ఉంటే అది మీ కంప్యూటర్‌లో ఏ పనైనా చేయగలదు, అర్థం కాకుండా అనుమతి ఇవ్వవద్దు. టేబుల్‌గా కాకుండా ప్రోగ్రామ్ ఫైల్‌గా ఇచ్చే ట్రైనర్‌లను ఇలా చదివి చూసుకునే వీలుండదు. యాంటీవైరస్ ఆపేసి నడపమని చెప్పే ట్రైనర్ జోలికి అసలు పోకండి.