ఏడవ పాఠం: గుర్రాలు, గాలి, ఒక కిటికీ

ఈసారి గాలి పీడనాన్ని చూపే మాగ్డెబర్గ్ అర్ధగోళాలూ, ఐరోపాలో 1618 నుంచి 1648 దాకా సాగిన ముప్పై సంవత్సరాల యుద్ధాన్ని ముగించిన వెస్ట్‌ఫేలియా సంధీ రెండూ పూర్తిచేసి, ఎనిమిదో పాఠంలో కాంతికి వెళ్దామనుకున్నాను. ఆరో పాఠానికి మీరు పంపిన జవాబులు చదివాక ఆ ఆలోచన అటకెక్కింది. భౌతికశాస్త్రంలో నాలుగో ప్రశ్నకూ చరిత్రలో రెండో ప్రశ్నకూ ఎక్కువమంది తప్పు రాశారు. అందులో వింత లేదు. రెండు చోట్లా చేసింది ఒకే తప్పు కావడమే వింత.

భౌతికశాస్త్రంలో అడిగింది ఇది: పైన అమర్చిన పీల్చే పంపు 12 మీటర్ల లోతులో ఉన్న బావినీటిని పైకి తేలేదు, ఎందుకు? వచ్చిన జవాబు: "పంపులోని శూన్యానికి అంత లోతు నుంచి నీటిని లాగే శక్తి లేదు."

చరిత్రలో అడిగింది ఇది: ముప్పై సంవత్సరాల యుద్ధానికి కారణాలు వివరించండి. వచ్చిన జవాబు: "1618 మే 23న ప్రేగ్ కోటలో ప్రొటెస్టెంట్ ప్రముఖులు హాబ్స్‌బర్గ్ వంశపు చక్రవర్తి ప్రతినిధులను కిటికీలోంచి కిందికి తోశారు. అందువల్ల యుద్ధం వచ్చింది."

మొదటి జవాబులో పని చేసిన ఘనత గొట్టంలోని ఖాళీకి దక్కింది. రెండో జవాబులో గోడలోని ఖాళీకి దక్కింది. రెండు చోట్లా అసలు బలం బయటే ఉంది, అంతకుముందు నుంచీ ఉంది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

పీడనం అంటే ఏమిటో, దాని ప్రమాణం పాస్కల్ ఎందుకో మళ్ళీ చెప్పను. అది ఐదో పాఠంలోనే అయిపోయింది. నన్ను వేధిస్తున్నది "లాగడం" అనే మాట. దాని సంగతి తేల్చకుండా ముందుకు కదలను.

శూన్యం దేన్నీ లాగదు. అక్కడ లాగడానికి ఏమీ లేదు కనుకనే దాన్ని శూన్యం అంటున్నాం. ఒక వైపు గాలి తీసేస్తే రెండో వైపు గాలి నెట్టుడు అలాగే మిగిలిపోతుంది. ఇంతకాలం రెండు వైపులా సమానంగా నెడుతున్నందువల్ల మనకు ఏమీ తెలియలేదు, అంతే.

నమ్మకం కుదరకపోతే ఒక గాజు సీసా తీసుకోండి. అంచు దాకా నీరు నింపి, గాలి చొరబడని బిరడాలో గొట్టం గుచ్చి బిగించండి. ఇప్పుడు గొట్టంతో పీల్చండి. ఎంత బలంగా పీల్చినా ఒకటి రెండు చుక్కలకు మించి రావు. బిరడా కాస్త వదులు చేయగానే నీరు హాయిగా వస్తుంది. నోట్లో పీడనం రెండుసార్లూ ఒకే విధంగా తగ్గింది. మారినది ఒక్కటే: రెండోసారి బయటి గాలికి నీటి ఉపరితలాన్ని నొక్కే దారి దొరికింది. తాగింది మీరే, ఎక్కించింది గాలి.

ఇంకో సాక్ష్యం కావాలా? 1648 సెప్టెంబరు 19న ఫ్రాన్సులో శాస్త్రవేత్త బ్లేజ్ పాస్కల్ బావ ఫ్లోరిన్ పెరియే, పాస్కల్ కోరిక మీద, పాదరస గొట్టాన్ని (ఒక కొస మూసి, పాదరసం నింపి, పాదరసపు గిన్నెలో బోర్లించిన గాజు గొట్టం) పుయ్ ద డోమ్ కొండపైకి మోసుకెళ్ళాడు. ఇంకో గొట్టాన్ని కింద క్లెర్మాంట్‌లో ఒక మఠంలో ఉంచి, రోజంతా చూస్తూ ఉండమని ఒక సన్యాసికి అప్పగించాడు. కింది గొట్టంలో మట్టం కదలలేదు. కొండమీద మాత్రం సుమారు 8.5 సెంటీమీటర్లు తగ్గింది. గొట్టం పైభాగంలోని శూన్యం కొండమీదా శూన్యమే, కిందా శూన్యమే. శూన్యమే పాదరసాన్ని పట్టి ఉంచుతున్నట్లయితే కొండెక్కగానే దానికి నీరసం ఎందుకు వస్తుంది? మారినది నెత్తిన ఉన్న గాలి బరువు.

లెక్క కూడా సరిపోతుంది, చూడండి. రెండు చోట్ల మధ్య ఎత్తు తేడా సుమారు 975 మీటర్లు. గాలి సాంద్రత ఘనపు మీటరుకు 1.2 కిలోలు, పాదరసానిది 13,600. 1.2ను 975తో గుణించి 13,600తో భాగిస్తే 0.086 మీటర్లు, అంటే 8.6 సెంటీమీటర్లు. పైకి వెళ్ళేకొద్దీ గాలి పలచబడుతుంది కనుక అసలు తగ్గుదల దీనికన్నా ఒక పిసరు తక్కువగా ఉండటం సహజమే. గురుత్వ త్వరణం రెండు వైపులా ఉండి కొట్టుకుపోయింది, దాన్ని వేయనక్కరలేదు. వేసి, చివర కొట్టేసి, మధ్యలో ఒక సున్నా పోగొట్టుకున్నవారు పోయినసారి కనీసం నలుగురున్నారు.

మూడో సాక్ష్యం శాస్త్రవేత్త రాబర్ట్ బాయిల్‌ది. ఆయన పాదరస గొట్టాన్ని గిన్నెతో సహా గాజుపాత్రలో పెట్టి, పాత్రలోని గాలిని పంపుతో తోడించాడు. గాలి తగ్గేకొద్దీ గొట్టంలో పాదరసం దిగింది. ఆ ఫలితాలు 1660లో అచ్చయ్యాయి. లాగే శక్తి శూన్యానిదే అయితే చుట్టూ శూన్యం పెరిగినప్పుడు పాదరసం ఎందుకు దిగుతుంది? ఇక నాలుగో సాక్ష్యం అడగవద్దు.

బావి ప్రశ్నకు పరీక్షలో రాయదగిన జవాబు: "వాతావరణ పీడనం బావిలోని నీటి ఉపరితలాన్ని నొక్కుతుంది. పంపు గొట్టంలోని గాలిని తీసేసినప్పుడు ఎదురు నొక్కుడు తగ్గి, నీరు గొట్టంలోకి ఎక్కుతుంది. 10.3 మీటర్ల నీటిస్తంభం కలిగించే పీడనం వాతావరణ పీడనానికి సమానం. కాబట్టి గొట్టంలో పూర్తి శూన్యం ఉన్నా నీరు అంతకు మించి ఎక్కదు." ఈ 10.3ను నేను బట్టీ పట్టలేదు. పాదరసం 76 సెంటీమీటర్లు నిలుస్తుంది, నీటికన్నా 13.6 రెట్లు బరువైనది. 76ను 13.6తో గుణిస్తే 1,033 సెంటీమీటర్లు. ఈ పాదరస గొట్టాన్ని మొదట బోర్లించిన ఇటలీ శాస్త్రవేత్త టోరిచెల్లీ నీటిని వదిలి పాదరసాన్ని ఎందుకు ఎంచుకున్నాడన్న ప్రశ్నకూ ఇదే జవాబు. పది మీటర్ల గాజు గొట్టాన్ని నిలబెట్టడం కన్నా ఒక మీటరు గొట్టాన్ని బోర్లించడం తేలిక.

ఇప్పుడు అసలు పాఠం. జర్మనీలోని మాగ్డెబర్గ్ నగరానికి మేయరైన ఒట్టో ఫాన్ గెరికె గాలి పంపు తయారు చేశాడు. 1654లో రెగెన్స్‌బర్గ్‌లో పవిత్ర రోమన్ సామ్రాజ్యపు (జర్మన్ రాజ్యాల కూటమి) మూడవ ఫెర్డినాండ్ చక్రవర్తి ఎదుట తన ప్రయోగాలు ప్రదర్శించాడు. గుర్రాల ప్రయోగం 1657లో మాగ్డెబర్గ్‌లో జరిగింది. చాలా పుస్తకాలు ఈ రెండింటినీ కలిపేసి గుర్రాలను 1654లోనే పరుగెత్తిస్తాయి. సుమారు 50 సెంటీమీటర్ల వ్యాసం గల రెండు లోహపు అర్ధగోళాలను అంచులు కలిపి, లోపలి గాలి తోడేశారు. అటు ఎనిమిది, ఇటు ఎనిమిది గుర్రాలను కట్టి లాగించారు.

ప్రశ్న: లోపల పూర్తి శూన్యం ఉందనుకుంటే అర్ధగోళాలను విడదీయడానికి ఎంత బలం కావాలి?

నా పద్ధతి చెబుతాను. ప్రతి చదరపు సెంటీమీటరు మీద గాలి సుమారు 10 న్యూటన్లతో నెడుతుంది. ఈ ఒక్క సంఖ్య చాలు. వ్యాసార్ధం 25 సెంటీమీటర్లు, వృత్త వైశాల్యం 3.14 × 625, అంటే 1,960 చదరపు సెంటీమీటర్లు. బలం దాదాపు 19,600 న్యూటన్లు. కచ్చితమైన పీడనం 1.013 × 10⁵ పాస్కల్ వేస్తే 19,900 వస్తుంది. 20,000 అని రాసినా నేను మార్కులు తీయను.

ఇక్కడ రెండు గుంటలున్నాయి. మొదటిది: గాలి అర్ధగోళం వంపు మీద కదా నొక్కేది, మరి వంపు వైశాల్యం 2πr² ఎందుకు వేయకూడదు? వేస్తే జవాబు రెట్టింపవుతుంది, తప్పవుతుంది. అర్ధగోళం నోటిని ఒక బల్లపరుపు మూతతో మూసి, గాలిలో వేలాడదీశామనుకోండి. అది తనంతట తాను పక్కకు కదిలిపోదు. అంటే వంపు వైపు నుంచి గాలి నెట్టే నికర బలమూ మూత వైపు నుంచి నెట్టే బలమూ సమానం. మూత వైశాల్యం πr². వంపు మీద అడ్డంగా నొక్కే బలాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి.

రెండో గుంట గుర్రాలది. పదహారు గుర్రాలు కలిసి 20,000 న్యూటన్లు లాగుతున్నాయని రాస్తారు. కాదు. ఒక వైపున్న ఎనిమిదే 20,000 లాగాలి, అంటే ఒక్కో గుర్రం 2,500. రెండో వైపు ఎనిమిదీ చేసేది ఏమిటంటే, గోళం మొదటి జట్టు వెంట కొట్టుకుపోకుండా పట్టి ఉంచడం. ఆ పని గట్టి చెట్టుకు కట్టిన గొలుసూ చేస్తుంది. ఎనిమిది గుర్రాలను ఇంటికి పంపేసినా ఫలితం ఒకటే. కాకపోతే జనం చూడటానికి వచ్చేవారు కారు.

చరిత్రకు వద్దాం. కిటికీ జవాబు ఎందుకు తప్పో చెప్పడానికి చరిత్రే ఒక ప్రయోగం చేసి పెట్టింది. ప్రేగ్‌లో 1483లోనూ మనుషులను కిటికీలోంచి విసిరేశారు. దాని తరువాత వచ్చింది ముప్పై ఏళ్ల యుద్ధం కాదు, 1485లో కుట్నా హోరాలో మతశాంతి ఒప్పందం. కిటికీయే యుద్ధం తెచ్చేదైతే అప్పుడూ తేవాలి కదా? పైగా 1618లో పడిన ముగ్గురూ బతికారు.

మరి అంతకుముందే ఉన్న ఒత్తిడి ఏమిటి? 1555 ఆగ్స్‌బర్గ్ సంధి పాలకులకు కాథలిక్, లూథరన్ (ప్రొటెస్టెంట్) మతాల మధ్య ఎంపిక ఇచ్చింది; మరో ప్రొటెస్టెంట్ శాఖ అయిన కాల్విన్ అనుయాయులకు అందులో చోటు లేదు. 1608లో ప్రొటెస్టెంట్ కూటమి, 1609లో కాథలిక్ కూటమి ఏర్పడి సేనలు కూర్చుకున్నాయి. 1609లోనే రెండవ రుడాల్ఫ్ చక్రవర్తి, ప్రేగ్ రాజధానిగా ఉన్న బొహీమియా రాజ్యపు ప్రొటెస్టెంట్లకు మతస్వేచ్ఛ పత్రం రాసిచ్చాడు. ఆ పత్రాన్ని గౌరవిస్తాడని వారికి నమ్మకం లేని ఫెర్డినాండ్ (తరువాత రెండవ ఫెర్డినాండ్ చక్రవర్తి) 1617లో బొహీమియా రాజుగా అంగీకారం పొందాడు. రెండు ప్రొటెస్టెంట్ చర్చిల మీద తగాదా ముదిరింది. కిటికీ ఆ తరువాతి మాట.

నేను వాడే పరీక్ష ఇది: మీరు రాసిన కారణం సంఘటనకు పదేళ్ల ముందూ ఉందా? ఉంటే దీర్ఘకాలిక కారణం. వారం ముందు కూడా లేకపోతే తక్షణ కారణం. ఈ రెండు రకాలూ లేని జవాబు సగం జవాబే. గాలి, శూన్యం పోలికను మాత్రం పరీక్ష కాగితం మీద రాయవద్దు. అది మీకూ నాకూ మధ్య మాట. దిద్దేవారికి తల తిరుగుతుంది.

"ఇది మతయుద్ధం" అని ఒక్క మాటతో సరిపెట్టినవారికి ఒక చిన్న చిక్కు: ఫ్రాన్సు కాథలిక్ రాజ్యం, దాని విధానం నడిపించిన రిషెల్యూ స్వయంగా కార్డినల్. అయినా 1631 జనవరిలో బెర్వాల్డె ఒప్పందంతో ప్రొటెస్టెంట్ స్వీడన్‌కు డబ్బు ఇచ్చాడు. హాబ్స్‌బర్గ్ వంశం బలపడటం ఫ్రాన్సుకు ఇష్టం లేదు. అదే ఏడాది మే 20న చక్రవర్తి పక్షాన సేనాని టిల్లీ దళాలు మాగ్డెబర్గ్‌ను పట్టుకుని, దోచుకుని, తగలబెట్టాయి. దాదాపు 20,000 మంది చనిపోయారు. గెరికె బందీగా చిక్కి, సొమ్ము చెల్లించాకే బయటపడ్డాడు. తరువాత ఆ బూడిదలో నగరాన్ని తిరిగి కట్టే పనిలో ఇంజినీరుగా చేరాడు, 1646లో మేయరయ్యాడు, సంధి చర్చల్లో తన నగరం తరఫున వాదించాడు. గుర్రాలు నడిచిన నేల ఇరవై ఆరేళ్ల కిందట బూడిదైన నేల.

యుద్ధాన్ని ముగించిన వెస్ట్‌ఫేలియా సంధి గురించి క్లుప్తంగా. 1648 అక్టోబరు 24న సంతకాలు జరిగాయి, పెరియే కొండెక్కిన ఐదు వారాలకు. కాల్విన్ మతానికి గుర్తింపు వచ్చింది. పవిత్ర రోమన్ సామ్రాజ్యం నుంచి స్విట్జర్లాండ్ విడివడినట్లు ఒప్పుకున్నారు. డచ్చివారితో స్పెయిన్ అదే ఏడాది విడిగా సంధి చేసుకుంది. "దీనితో ఐరోపాలో శాంతి నెలకొంది" అని ముగించకండి. ఫ్రాన్సు, స్పెయిన్ 1659 వరకు కొట్టుకుంటూనే ఉన్నాయి.

అభ్యాసానికి ఎక్కువ చోటు మిగలలేదు. మూడే ప్రశ్నలు. మొదటిది అందరికీ, మిగిలిన రెండూ ఓపిక ఉన్నవారికి.

1. రెండు మీటర్ల పొడవైన టోరిచెల్లీ గొట్టాన్ని నిలువు నుంచి 60 డిగ్రీలు వాల్చితే, గొట్టం వెంబడి కొలిచిన పాదరసం పొడవు ఎంత? (జవాబు 152 సెంటీమీటర్లు. ఎలా వచ్చిందో మీరు రాయండి. నిలువు ఎత్తు మారదన్నది ఆధారం.)

2. గెరికె గోళాన్ని, పాదరసం 64 సెంటీమీటర్లే నిలిచే ఒక కొండమీదికి తీసుకెళ్ళి అక్కడ గాలి తోడారు. పంపు అంత మంచిది కాదు. ఆ కొండమీది గాలి పీడనంలో పదోవంతు లోపల మిగిలిపోయింది. ఒక వైపు చెట్టు, ఒక్కో గుర్రం 2,000 న్యూటన్లు లాగగలదు. కనీసం ఎన్ని గుర్రాలు కావాలి? (నాకు ఎనిమిది వచ్చాయి. ఏడు వచ్చినవారు చివరి భాగహారంలో శేషాన్ని వదిలేశారు.)

3. 1635 మే నెలలో చక్రవర్తి జర్మన్ రాజ్యమైన సాక్సనీతో ప్రేగ్ సంధి చేసుకున్నాడు. అదే నెలలో ఫ్రాన్సు స్పెయిన్ మీద యుద్ధం ప్రకటించింది. యుద్ధం 1635లోనే ఎందుకు ముగియలేదు? ఒకటిన్నర పేజీ. జవాబులో "కిటికీ" అన్న మాట కనిపిస్తే చదవకుండా తిప్పి పంపుతాను.