చలికాలంలో కుండీల్లో కూరగాయలు పెంచడం ఎలా?

చలికాలంలో కుండీలో మొక్క చచ్చిపోతే నేరం చలి మీదకు నెట్టేస్తాం. మొక్కను పెరికి వేళ్ళు చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. ముదురు గోధుమ రంగుకు తిరిగి, చేతివేళ్ళ మధ్య నలిపితే పైతొక్క జారిపోతుంది. రోజూ సాయంత్రం ప్రేమగా పోసిన చెంబెడు నీళ్ళ పని అది. చల్లని నెలల్లో మొక్క నిదానంగా తాగుతుంది, నిదానంగా తింటుంది, నిదానంగా పెరుగుతుంది. వేసవిలో అలవాటైన తొందరను కాస్త తగ్గించుకుంటే చిన్న బాల్కనీలోనే కాదు, కిటికీ గట్టు మీద కూడా ఆకుకూర కోసుకోవచ్చు.

ముందు ఎండను చూడండి

కుండీలు కొనకముందే ఒక రోజు ఎండ లెక్క తీయండి. చలికాలంలో సూర్యుడు ఆకాశంలో కిందుగా తిరుగుతాడు. ఉత్తరార్ధగోళంలో ఉన్నవాళ్ళకు దక్షిణం వైపు వాలి ఉంటాడు. అందువల్ల దక్షిణం వైపు బాల్కనీలోకి ఎండ ఏటవాలుగా గోడ దాకా వస్తుంది. అదే బాల్కనీ వేసవి మధ్యాహ్నం పైకప్పు నీడలో ఉండవచ్చు. ఉత్తరం వైపు బాల్కనీకి మాత్రం ఈ నెలల్లో నేరుగా ఎండ దాదాపు ఉండదు. దక్షిణార్ధగోళంలో ఇదంతా తలకిందులు.

ఉదయం తొమ్మిదికి, పన్నెండుకు, మూడుకు ఎండ పడిన మేర నేల మీద సుద్దముక్కతో గీత గీయండి. మూడు నాలుగు గంటలు ఎండ తగిలే చోటు ఆకుకూరలకు సరిపోతుంది. దుంపలకు, బఠాణీకి, క్యాబేజీకి ఆరు గంటలైనా కావాలి. పిట్టగోడ నీడ అడ్డొస్తే కుండీని ఒక పీట మీదకు ఎక్కించండి. ఒక్క అడుగు ఎత్తు రెండు గంటల ఎండను తెచ్చిపెట్టిన సందర్భాలు చూశాను.

ఏం వేయాలి, ఏం వద్దు

టమాటా, బెండ, వంగ, పాదు కూరగాయలు వెచ్చదనాన్ని కోరేవి. చలి గట్టిగా ఉండే చోట వాటిని వదిలేయండి. సుమారు 10 నుంచి 24 డిగ్రీల మధ్య హాయిగా పెరిగేవి వేరే ఉన్నాయి: పాలకూర, మెంతి, కొత్తిమీర, లెట్యూస్, కేల్ (క్యాబేజీ జాతి ఆకుకూర), ముల్లంగి, క్యారెట్, బీట్‌రూట్, బఠాణీ, క్యాబేజీ కుటుంబం.

జాగా తక్కువైనప్పుడు నా ఓటు ఆకులకే. మెంతి మూడు నుంచి ఐదు రోజుల్లో మొలిచి నెల తిరగకముందే కోతకు వస్తుంది. పాలకూరకు 40 రోజులు, చిన్న గుండ్రని ముల్లంగికి 25 నుంచి 30 రోజులు, క్యారెట్‌కు 70 నుంచి 90 రోజులు వేసుకోండి. చలి ఎక్కువగా ఉంటే వీటికి మరో రెండు మూడు వారాలు కలపండి.

కాలీఫ్లవర్ గురించి నా అనుభవం చెప్పాలి. మొదటి ఏడాది మూడు నెలలు కాపు కాశాను. నారును ముదరబెట్టి నాటాను, చిన్న కుండీలో నాటాను, మధ్యలో రెండుసార్లు ఎండబెట్టాను. చివరికి వచ్చిన పువ్వు నిమ్మకాయంత. ఆ కుండీ ఆక్రమించిన చోటులో మూడు కోతల మెంతికూర వచ్చేది. మీకు మరీ ముచ్చటగా ఉంటే 30 సెంటీమీటర్ల వెడల్పు కుండీకి ఒక్క మొక్క చొప్పున, నాలుగైదు ఆకుల లేత నారు నాటి చూడండి.

కుండీ, మట్టి

వెడల్పు కన్నా లోతు ముఖ్యం. ఆకుకూరలకు 15 సెంటీమీటర్లు చాలు. ముల్లంగికి 20, బఠాణీకి 25, క్యారెట్‌కు 30. అడుగున రంధ్రాలు తప్పనిసరి. రంధ్రాల మీద గులకరాళ్ళ పొర పరిస్తే నీరు బాగా దిగుతుందని చాలామంది నమ్ముతారు. నిజానికి సన్నని మట్టిలోని నీరు గరుకు పొర దగ్గరకు వచ్చి ఆగుతుంది, తడి వేళ్ళకు మరింత దగ్గరవుతుంది. రంధ్రం మీద ఒక చిన్న వలముక్క వేస్తే చాలు.

మట్టి ఒక పాలు, బాగా మాగిన కంపోస్టు ఒక పాలు, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) అర పాలు. కోకోపీట్ నీటిని పట్టి ఉంచుతుంది కాబట్టి వేసవిలో మేలు చేస్తుంది, చలికాలంలో అదే ఎక్కువైతే కుండీ ఆరదు. మరో మాట. తడిసిన మట్టి మిశ్రమం లీటరుకు కిలో నుంచి కిలోన్నర దాకా తూగుతుంది. 20 లీటర్ల కుండీలు వరుసగా పెట్టాలనుకుంటే వాటిని బాల్కనీ కొసన కాకుండా ఇంటి గోడ వైపు పెట్టండి.

విత్తడం

భూమధ్యరేఖకు బాగా దూరంగా ఉన్న ప్రాంతాల్లో పగలు పది గంటల కన్నా తగ్గితే మొక్కల ఎదుగుదల దాదాపు ఆగిపోతుంది. అక్కడివారు ఆ రోజులు రావడానికి ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే విత్తాలి. అప్పటికి మొక్కలు పెద్దవైతే చలి ముదిరినా అలాగే నిలిచి, కోసుకోవడానికి అందుతాయి. పగలు అంతగా కుదించుకుపోని చోట తొందర లేదు, ఎండ వేడి తగ్గాక మొదలుపెట్టవచ్చు. వేడిగా ఉండగానే విత్తితే పాలకూర, లెట్యూస్ సరిగా మొలవవు. దాదాపు 30 డిగ్రీల దగ్గర లెట్యూస్ గింజ నిద్రలోకి జారుకుంటుంది.

కొత్తిమీరకు ధనియాలు అలాగే చల్లకండి. ఒక్కో ధనియంలో రెండు గింజలు ఉంటాయి. ధనియాలను గుడ్డలో పోసి, చపాతీ కర్రతో మెల్లగా ఒకసారి దొర్లించండి. చిటపటమని రెండుగా విడిపోవాలి, పొడి కాకూడదు. రాత్రంతా నానబెట్టి సెంటీమీటరు లోతున వేస్తే వారం నుంచి రెండు వారాల్లో మొలకలు కనబడతాయి. లెట్యూస్ గింజకు వెలుతురు కావాలి, మట్టి కప్పీ కప్పనట్టు చల్లండి. బీట్‌రూట్‌లో విత్తనంగా అమ్మేది నిజానికి గింజల ముద్ద. ఒక్కటి వేస్తే రెండు మూడు మొలకలు వస్తాయి.

క్యారెట్ మొలవడానికి పది నుంచి ఇరవై రోజులు పడుతుంది. అంతకాలం పైమట్టి ఆరకుండా తడి గోనెగుడ్డ కప్పి, మొదటి పచ్చని మొన కనబడగానే తీసేయండి. క్యారెట్ గింజల వరుసలోనే అక్కడక్కడా ముల్లంగి వేస్తే నాలుగైదు రోజుల్లో అది మొలిచి వరుస ఎక్కడుందో చూపిస్తుంది. క్యారెట్ ఊరే వేళకు ముల్లంగిని పీకి తినేసి ఉంటాం. ఒకే కుండీలో రెండు పంటలన్నమాట.

ఇక అన్నిటికన్నా మనసు రాని పని: ఒత్తుగా మొలిచిన నారును పలచన చేయడం. ముల్లంగికి ముల్లంగికి మధ్య ఐదు సెంటీమీటర్లు వదలాలి. వదలకపోతే ఆకులు గుబురుగా పెరుగుతాయి, కింద దుంప బదులు తోకలాంటి వేరు ఉంటుంది. మొలకలను పీకితే పక్కవాటి వేళ్ళు కదులుతాయి, అందుకే కత్తెరతో మొదలుకంటా కత్తిరించండి. కత్తిరించినవి పారేయనక్కర్లేదు, కూరలో వేసుకోవచ్చు.

నీళ్ళు

గడియారం చూసి నీళ్ళు పోయకండి. వేలిని రెండో కణుపు దాకా మట్టిలోకి దించండి. కొనకు చల్లగా, జిగటగా తగిలితే ఆ రోజుకు నీళ్ళు అవసరం లేదు. పొడిగా, రాలుతున్నట్టు ఉంటే పోయండి. పోసినప్పుడు అడుగు రంధ్రం నుంచి కారేదాకా పోసి, పళ్ళెంలో నిలిచినది పారబోయండి. చిన్న కుండీలకు ఇంకా తేలికైన పద్ధతి ఉంది. నీళ్ళు పోసిన వెంటనే ఒకసారి ఎత్తి బరువు గుర్తు పెట్టుకోండి. వారంలో చేతికే తెలిసిపోతుంది.

ఉదయం పూటే పోయండి, ఆకుల మీద కాకుండా మొదట్లో. రాత్రంతా తడిగా ఉన్న ఆకుల మీద బూజు తెగుళ్ళు పడతాయి. లేత నారు మొదలు నల్లబడి, నేల మీద వాలిపోతే అది నారుకుళ్ళు. ఒత్తుగా విత్తడం, తడి ఆరకపోవడం దానికి ముఖ్య కారణాలు.

ఎరువు విషయంలో చెప్పేది కొంచెమే. చల్లని మట్టిలో సూక్ష్మజీవులు మందగిస్తాయి కాబట్టి కంపోస్టు నుంచి పోషకాలు మెల్లగా విడుదలవుతాయి. ఆకులు వెలిసిపోయినట్టు కనబడితే పలచని ద్రవ ఎరువు పది పదిహేను రోజులకోసారి ఇవ్వండి. క్యాబేజీ జాతి ఆకులు ఊదా రంగుకు తిరిగితే కంగారుపడి ఎరువు గుమ్మరించవద్దు. చలికి వేళ్ళు భాస్వరాన్ని సరిగా అందుకోలేనప్పుడు అలా అవుతుంది, ఎండ కాస్తే చాలావరకు సర్దుకుంటుంది.

చలి రాత్రులు

నేలలోని వేళ్ళ కన్నా కుండీలోని వేళ్ళకు చలి ఎక్కువ, అన్ని వైపుల నుంచీ కొడుతుంది కనుక. కుండీలను దగ్గరగా జరిపి గోడకు ఆనించండి, అడుగున చెక్కముక్కలు పెట్టండి. నీరు గడ్డకట్టే చోటైతే చుట్టూ గోనె చుట్టి, రాత్రి పైన పలచని బట్ట కప్పండి. అడుగు కోసేసిన పెద్ద నీళ్ళ సీసాను లేత మొక్క మీద బోర్లిస్తే అదే చిన్న గాజు ఇల్లు. మూత మాత్రం పగలు తీయాలి. పాలిథీన్ కప్పిన ట్రేను ఒక ఎండ రోజు తెరవడం మరిచి బయటికి వెళ్ళాను. సాయంత్రానికి నారంతా ఉడికిన ఆకుకూరే.

కేల్, పాలకూర, క్యారెట్ కొద్దిపాటి మంచును తట్టుకుంటాయి. చలి పెరిగేకొద్దీ అవి తమలోని పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చుకుంటాయి, చక్కెర కలిసిన నీరు తేలిగ్గా గడ్డకట్టదు. మంచు దెబ్బ తిన్న క్యారెట్ తియ్యగా ఉండేది అందుకే.

పురుగులు ఈ కాలంలో తక్కువే. క్యాబేజీ, కేల్ ఆకుల అడుగున పేనుబంక గుంపులుగా చేరుతుంది. నీటి ధారతో కడిగేసి, మిగిలితే పలచని సబ్బునీళ్ళు చల్లండి. ఆకుల చిల్లుల పక్కన పచ్చపురుగు కనబడితే చేత్తో ఏరేయడమే, నాలుగు కుండీలకు మందుల అవసరం ఉండదు.

కోత

పాలకూర మొక్కను పీకకండి. బయటి ఆకులను కాడతో సహా కోసి, నడిమి లేత చిగురును వదిలేస్తే అదే మొక్క మరో మూడు నాలుగు కోతలిస్తుంది. ఒక్కసారి కోతలో మొక్కకున్న ఆకుల్లో మూడో వంతు కన్నా ఎక్కువ తీయకుండా చూసుకోండి. మెంతి, ముల్లంగి, కొత్తిమీర మాత్రం ప్రతి పదిహేను రోజులకు ఒక కుండీ చొప్పున విత్తుతూ ఉండండి. అన్నీ ఒకేసారి వేస్తే ఒక వారం కట్టలు కట్టలుగా వస్తుంది, తర్వాత నెలంతా కుండీలు ఖాళీ.

పగళ్ళు పెరిగి వేడి మొదలయ్యాక కొత్తిమీర కొత్త ఆకులు సన్నని పోగుల్లా చీలి వస్తాయి, పాలకూర నడుమ నుంచి పూతకాడ లేస్తుంది. ఆ కాడను తుంచినా ఆకు మళ్ళీ మెత్తబడదు. మిగిలిన ఆకంతా ఆ రోజే కోసేసుకోండి. ఒక్క కొత్తిమీర మొక్కను మాత్రం పూతకు వదిలితే, ఎండిన ధనియాలు వచ్చే చలికాలానికి విత్తనమవుతాయి.