తెల్లవారుజామున ట్రిప్, ఎండెక్కితే ఓకే: ముందు పింగాణీ తుడవండి

సమస్య: రొయ్యల గుంట మీద ఏరియేటర్ల (నీళ్లలో గాలి కలిపే మోటర్ల) లైను తెల్లవారుజామున మూడు, నాలుగు మధ్య ట్రిప్ అవుతుంది. ఎండెక్కాక వేస్తే ఏమీ ఎరగనట్టు నడుస్తుంది. రొయ్యకు ఆక్సిజన్ తగ్గే వేళ కూడా అదే. దాంతో రైతు టెన్షన్‌లో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను ఆపేసే బ్రేకర్) తీసేసి డైరెక్ట్ ఇచ్చేస్తాడు. మనుషులు నీళ్లలో దిగేచోట ఆ పని మాత్రం చేయకండి.

మోటరు, కేబుల్, ఎర్త్ చూసే ఉంటారు, అవి మళ్లీ చెప్పను. స్టార్టర్ పెట్టెలో పింగాణీ ఫ్యూజులు, కనెక్టర్లు తుడిచి చూశారా? ఎవరినడిగినా "పింగాణీకి ఏమవుద్ది అన్నా" అంటారు.

కారణం: పింగాణీకి నిజంగానే ఏమీ కాదు. కరెంటు దాని లోపల నుంచి పోదు, పైన పట్టిన ఉప్పు మీదుగా పోతుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పే నీరవుతుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది, అది ఇంకా ముందే చెమ్మగిల్లుతుంది. పొద్దెక్కితే అంతా ఆరి పొడి.

అల్లూరు దగ్గర ఒక గుంటకి నేను మిట్టమధ్యాహ్నం వెళ్లాను. 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ నిరోధం కొలిచే మీటరు) 200 మెగాఓమ్‌లు చూపింది. పెట్టె బాగుందనుకుని రెండు మోటర్లు రీవైండింగ్‌కి పంపించా. ట్రిప్ ఆగలేదు, ఆ డబ్బులు నేనే పెట్టుకున్నా. చివరికి గట్టు మీదే పడుకుని, నాలుగింటికి మోటరు వైర్లు ఊడదీసి అదే పెట్టెను కొలిస్తే 0.1 మెగాఓమ్! టార్చి వేస్తే పింగాణీ చెమట పట్టినట్టుంది. ఒక్క పెట్టెకయితే 230 వోల్టులకు 2.3 మిల్లీ ఆంపియర్లే లీకు. అలాంటివి పది ఒకే ఫేజు మీదుంటే 23. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ సగం దాటాక ఎప్పుడైనా పడొచ్చు.

వేడికి పింగాణీ నిరోధం తగ్గుతుందని కొందరంటారు. అది కొలిమిలో సంగతి, స్టార్టర్ పెట్టెలో లెక్కలోకి రాదు. పగుళ్లు అరుదు, కంటికే కనిపిస్తాయి.

పరిష్కారం: మెయిన్ ఆపి, బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో గుడ్డ తడిపి తుడవండి. మన ఉప్పు బోరు నీళ్లతో తుడిస్తే కొత్తగా ఉప్పు పూసినట్టే. ఆరాక సిలికాన్ గ్రీజు పల్చగా రాయండి. కేబుల్ దూరే కంతలు మూయండి. పింగాణీ మీద నల్లటి గీత ఉంటే అది కాలి ఏర్పడిన దారి. గీకొద్దు, ఆ ముక్క మార్చేయండి.

మళ్లీ కొలిచేది తెల్లవారుజామునే, కనీసం 1 మెగాఓమ్ రావాలి. మధ్యాహ్నం రీడింగ్ పట్టుకుని నాకు ఫోన్ చేయొద్దు.