ఓడ మీది పాత ఫిరంగిని బాగుచేసే పద్ధతి

న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీలో స్వచ్ఛంద కార్యకర్తలు కాపాడుకుంటున్న యూఎస్ఎస్ స్లేటర్ అనే పాత యుద్ధనౌక మీది 3 అంగుళాల ఫిరంగుల వంటివాటిని బాగుచేసేవారు, గొట్టం ఖాళీగా ఉందనీ, ఫిరంగి ఇక పేలదనీ ముందుగా నిర్ధారించుకోవాలి. పాత రంగులో సీసం ఉండవచ్చు కనుక, తగిన మాస్కు ధరించి, దుమ్ము రేగకుండా తడిపి గీకాలి. బిగుసుకుపోయిన బోల్టును సుత్తితో బాదడం తొందరపాటు. తుప్పులోకి ఇంకే నూనె పోసి, రాత్రంతా నాననిచ్చి, పానాతో ముందుకూ వెనక్కూ కొద్దికొద్దిగా కదిలిస్తే, మరలోని తుప్పు ఎర్రటి బురదగా బయటికి వస్తుంది. విప్పిన ప్రతి భాగాన్నీ ఫొటో తీసి, చీటీ కట్టాలి. రంగు కింద వేసే తొలి పూత అయిన ప్రైమర్‌కు ముందే గ్రీజు ఎక్కించే చిన్న మూతులైన గ్రీజు నిపుల్స్‌నూ, ఒరుసుకుని తిరిగే నున్నటి ఉక్కు తలాలనూ, ఇత్తడి పలకలనూ టేపుతో కప్పాలి. ఉత్సాహం ఎక్కువైనవారు వాటికీ బూడిదరంగు పూసేస్తుంటారు. తరువాత గేర్లకు గ్రీజు పెట్టి, చేతిచక్రంతో ఫిరంగిని అప్పుడప్పుడూ తిప్పుతుండాలి.