టెక్సాస్ సేల్స్ టాక్స్ పర్మిట్: హిస్పానిక్ చిరు వ్యాపారులు ఎక్కడ ఆగిపోతున్నారు?

కిందటి శీతాకాలంలో డల్లాస్ పక్కనున్న ఇర్వింగ్‌లోని ఒక టోకు దుకాణంలో, బిల్లు కౌంటర్ దగ్గర వరుసలో నా ముందున్న ఆవిడ ప్లాస్టిక్ కవరులోంచి తన సేల్స్ టాక్స్ పర్మిట్, అంటే అమ్మకపు పన్ను వసూలు చేయడానికి రాష్ట్రం ఇచ్చే అనుమతి పత్రం, తీసి చూపించారు. చిన్న టాకేరియా, అంటే టాకోలు అమ్మే హోటల్, నడుపుతున్నారట. తోపుడు బండిలో శీతల పానీయాల పెట్టెలు, దాని పక్కన ఒక డీప్ ఫ్రీజర్ ఉన్నాయి. పర్మిట్ ఉంది కాబట్టి అన్నింటికీ పన్ను లేకుండా బిల్లు వేయమని అడిగారు. పర్మిట్ చాలదు, వేరే కాగితం కావాలని కౌంటర్‌లోని కుర్రవాడు రెండుసార్లు చెప్పాడు. ఏ కాగితమో ఆవిడకు అర్థం కాలేదు, వెనుక వరుస పెరుగుతోంది, చివరికి పన్నుతో సహా కట్టేసి బయటికి నడిచారు. పార్కింగ్‌లో మాట కలిపితే తెలిసినదేమిటంటే, ఆ పర్మిట్ తెప్పించి పెట్టినందుకు ఒక మధ్యవర్తి 300 డాలర్లు పుచ్చుకున్నాడు. దానికి రాష్ట్ర ప్రభుత్వం తీసుకునే రుసుము సున్నా.

టెక్సాస్ జనాభాలో సుమారు 40 శాతం హిస్పానిక్ ప్రజలే, అంటే స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవారు. డల్లాస్ చుట్టుపక్కల వాళ్ల టాకేరియాలకూ, సెలూన్లకూ, గడ్డి కోసే చిన్న కంపెనీలకూ లెక్కలు రాసేవాళ్లలో, దుకాణాలు అద్దెకిచ్చేవాళ్లలో, సరుకు అమ్మేవాళ్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. అడిగినప్పుడు సరైన మాట చెప్పగలగడానికి ఈ వివరం పనికివస్తుంది. సొంతంగా గ్యాస్ స్టేషనో ఇండియన్ స్టోరో పెట్టుకున్న మనవాళ్లకూ ఇవే నిబంధనలు వర్తిస్తాయి.

ముందుగా పర్మిట్ ఎవరికి కావాలో చూద్దాం. టెక్సాస్‌లో ఉండి పన్ను పడే వస్తువులు లేదా సేవలు అమ్మే ప్రతి వ్యాపారికీ కావాలి. జీఎస్టీలో ఉన్నట్టు ఇంత టర్నోవర్ దాటితేనే నమోదు అన్న వెసులుబాటు ఇక్కడి వ్యాపారికి లేదు. ఏది పన్ను పడే సరుకు అన్నది మాత్రం కొంత చిత్రంగా ఉంటుంది. వండి వడ్డించే టాకోలకు పన్ను ఉంది, బేకరీలో అమ్మే పాన్ దుల్సే అనే తీపి రొట్టెకు లేదు, పచ్చి మాంసానికీ కూరగాయలకూ లేదు, కూల్‌డ్రింకులకు ఉంది. సేవలన్నింటికీ పన్ను ఉండదు గాని భవనాలు శుభ్రం చేయడం, తోటపని, గడ్డి కోయడం పన్ను పడే జాబితాలోనే ఉన్నాయి. కంపెనీ పెట్టకుండా, పనివాళ్లు లేకుండా ఒక్కడే గడ్డి కోసుకుంటూ, గడిచిన నాలుగు త్రైమాసికాల్లో మొత్తం రాబడి 5,000 డాలర్లు దాటనివాడికి మినహాయింపు ఉంది. ట్రక్కు వెనుక ఇద్దరు పనివాళ్లను కూర్చోబెట్టుకున్న రోజున అది పోతుంది, ఈ సంగతి చాలామందికి తెలియదు.

దరఖాస్తు పెద్ద పని కాదు. రాష్ట్ర పన్నులు వసూలు చేసే టెక్సాస్ కంప్ట్రోలర్ కార్యాలయం వెబ్‌సైటులో ఆన్‌లైన్‌గా పెట్టుకోవచ్చు, లేదా ఏపీ-201 అనే ఫారం నింపి పంపవచ్చు. పేరు, చిరునామా, వ్యాపారం ఏ తరహాది, ఏం అమ్ముతారు, యజమాని ఎవరు, కంపెనీ అయితే దాని నమోదు సంఖ్య, ఇవే వివరాలు అడుగుతారు. వ్యాపారం మొదలుపెట్టిన తేదీ దగ్గర మాత్రం నిజమే రాయాలి. ఆరు నెలలుగా అమ్ముతూ ‘వచ్చే నెల ఒకటో తారీఖు’ అని రాయించే సలహాదారులు ఉన్నారు. రిటర్నులు వేయని కాలానికి పన్ను అడగడానికి కాలపరిమితి లేదు కాబట్టి ఆ సలహా తరువాత ఎప్పుడో మెడకు చుట్టుకుంటుంది. వచ్చిన పర్మిట్‌ను దుకాణంలో కనబడేచోట పెట్టాలి. అది ఇంకొకరికి బదిలీ కాదు. నడుస్తున్న టాకేరియాను కొనుక్కున్నా కొత్త యజమాని కొత్త పర్మిట్ తీసుకోవాల్సిందే. కొనేముందు పాత యజమాని పన్ను బకాయి లేడన్న ధ్రువపత్రం కంప్ట్రోలర్ నుంచి తెప్పించుకోకపోతే, ఆ బకాయి కొన్న ధర మేరకు కొత్తవాడి మీదికే వస్తుంది.

ఇక మధ్యవర్తుల సంగతి. లాటిన్ అమెరికా దేశాల్లో నోతారియో అంటే న్యాయశాస్త్రం చదివిన పెద్ద అధికారి, మాటకు విలువ ఉన్నవాడు. టెక్సాస్‌లో నోటరీ అంటే సంతకానికి సాక్ష్యంగా ముద్ర వేసేవాడు మాత్రమే. ఈ తేడా మీద బతికేవాళ్లు ఉన్నారు కనుకనే, నోటరీలు తమ ప్రకటనల్లో ‘నోతారియో పుబ్లికో’ అని రాసుకోవడాన్ని రాష్ట్ర చట్టం నిషేధించింది. బోర్డు మీద ఆ మాట కనిపిస్తే లోపలికి వెళ్లకపోవడమే మంచిది. ఫారం నింపి పెట్టినందుకు కూలి తీసుకోవడం తప్పేమీ కాదు గాని, అది ప్రభుత్వ రుసుము అని చెప్పి తీసుకోవడం మోసం. కంప్ట్రోలర్ వెబ్‌సైటులో స్పానిష్‌లో సమాచారం ఉంది, అది చదువుకుంటే సగం మంది మధ్యవర్తులతో పని లేదు.

కౌంటర్ దగ్గర ఆవిడను ఆపేసిన కాగితం పేరు రీసేల్ సర్టిఫికెట్. స్పానిష్‌లో సెర్తిఫికాదో దె రెవెంతా అంటారు. ఫారం సంఖ్య 01-339. ముందువైపు రీసేల్ సర్టిఫికెట్, వెనుకవైపు మినహాయింపు సర్టిఫికెట్ ఉంటాయి. పొరపాటున వెనుకవైపు నింపి ఇచ్చేవాళ్లను చూశాను. పర్మిట్ పన్ను వసూలు చేసే అధికారం ఇస్తుంది. తిరిగి అమ్మడానికి కొనే సరుకు మీద పన్ను కట్టనక్కరలేకుండా చేసేది ఈ సర్టిఫికెట్. పర్మిట్ నకలు దీనికి బదులు కాదు. దీన్ని ఏ కార్యాలయమూ జారీ చేయదు, కొనేవాడే నింపి, సంతకం పెట్టి, సరుకు అమ్మేవాడికి ఇవ్వాలి. కంప్ట్రోలర్‌కు పంపకూడదని ఫారం అడుగునే రాసి ఉంటుంది, అయినా పంపి జవాబు కోసం నెలల తరబడి ఎదురుచూసేవాళ్లున్నారు.

అందులో కొనేవారి పేరు, చిరునామా, 11 అంకెల పర్మిట్ సంఖ్య, అమ్మేవారి వివరాలు, కొనే సరుకు వర్ణన, తాము మామూలుగా అమ్మే సరుకు ఏమిటన్నది రాయాలి. మెక్సికోలోనే దుకాణం ఉండి సరిహద్దు దాటి సరుకు కొనుక్కునే వ్యాపారికి టెక్సాస్ పర్మిట్ ఉండదు, అతని కోసం ఆ దేశపు పన్ను నమోదు సంఖ్య, అంటే ఆర్‌ఎఫ్‌సీ, రాసే గడి అదే ఫారంలో ఉంది. ఆ నమోదు పత్రం నకలు కూడా జత చేయాలి.

అసలు చిక్కు ‘కొనే సరుకు’ అన్న గడిలో ఉంది. అక్కడ ‘అన్నీ’ అని రాసేస్తారు. జీఎస్టీకి అలవాటుపడ్డ మనకు కూడా ఇక్కడే తికమక వస్తుంది, ఎందుకంటే మన దేశంలో దుకాణం కోసం కొన్న ఫ్రిజ్ మీద కట్టిన పన్నును చాలా సందర్భాల్లో ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగి రాబట్టుకోవచ్చు. టెక్సాస్‌లో అలాంటి క్రెడిట్ లేదు. తిరిగి అమ్మే వస్తువుకు మాత్రమే సర్టిఫికెట్ చెల్లుతుంది. శీతల పానీయాలు అమ్మడానికే కాబట్టి చెల్లుతుంది. వాటిని చల్లబరిచే ఫ్రీజర్, కుర్చీలు, గల్లాపెట్టె, నేల తుడిచే మందు దుకాణం వాడుకునేవి కాబట్టి వాటికి పన్ను కట్టాలి. సర్టిఫికెట్ ఇచ్చి కొన్న కూల్‌డ్రింకు పెట్టెల్లో రెండు కూతురి కిన్‌సెన్యేరా, అంటే పదిహేనో పుట్టినరోజు, వేడుకకు ఇంటికి తీసుకెళ్తే, ఆ రెండింటి కొనుగోలు ధరను రిటర్నులో పన్ను పడే కొనుగోళ్ల గడిలో చూపించి పన్ను కట్టాలి. తెలిసి తప్పుడు సర్టిఫికెట్ ఇవ్వడం నేరమని ఆ కాగితం మీదే రాసి ఉంటుంది. భయపడమని చెప్పడం లేదు, సంతకం పెట్టేముందు స్పానిష్ తెలిసినవారితో ఒకసారి చదివించుకోమని చెప్పండి.

పర్మిట్ వచ్చాక జరగవలసింది సులభమే. రాష్ట్రపు పన్ను 6.25 శాతం, స్థానిక పన్నులు గరిష్ఠంగా 2 శాతం. డల్లాస్‌లోనూ ఇర్వింగ్‌లోనూ మొత్తం 8.25. పది డాలర్ల ప్లేటుకు 83 సెంట్లు. ఆ 83 సెంట్లు గల్లాలో పడినా వ్యాపారివి కావు, ప్రభుత్వం తరఫున దాచిపెట్టినవి. అద్దెకు వాడేసుకుంటే కంపెనీ పేరు అడ్డం రాదు, బాధ్యులు సొంతంగా కట్టాలి. మూడు నెలలకొకసారి రిటర్ను వేసేవారికి గడువు జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు నెలల 20వ తేదీ. గడువులోపు కడితే పన్నులో అర శాతం తగ్గింపు ఉంది. ఒక్క డాలరు వ్యాపారం జరగకపోయినా సున్నా రిటర్ను వేయాలి. వేయకపోతే కట్టవలసిన పన్ను లేకున్నా ఒక్కొక్కదానికి 50 డాలర్ల జరిమానా. దుకాణం మూసేసి పర్మిట్ రద్దు చేయించుకోనివారికి ఈ జరిమానాలే పేరుకుపోతాయి.

ఆ టాకేరియా ఆవిడ అడిగినదాంట్లో సగం న్యాయం, సగం పొరపాటు. మరుసటి వారం 01-339 నింపి, పాత బిల్లు పట్టుకుని అదే దుకాణానికి వెళ్లారు. సర్టిఫికెట్ తరువాత ఇచ్చినా అమ్మినవాడు పన్ను వాపసు ఇవ్వవచ్చు. పానీయాల మీది పన్ను తిరిగి వచ్చింది, ఫ్రీజర్ మీదిది రాలేదు.