నిప్పుగొట్టం – 2వ పాఠం: గొట్టం, కడ్డీ, రింగు

నిప్పుగొట్టం అంటే, గొట్టంలోకి కడ్డీని ఒక్క దెబ్బతో దించి, లోపలి గాలిని నొక్కి ఆ వేడితో నిప్పు పుట్టించే పనిముట్టు. పోయిన పాఠంలో ఆ నిప్పు అంటుకోవడానికి బొగ్గుగుడ్డ చేసుకున్నాం. పాత నూలు బనీను ముక్కల్ని రేకు డబ్బాలో వేసి, మూతకు మేకుతో ఒక బెజ్జం కొట్టి, పొయ్యి మీద కాల్చి, పొగ పూర్తిగా ఆగాక దించి చల్లార్చాం. గుడ్డ మసిలా నల్లగా, రెండు వేళ్లతో లాగితే చప్పుడు లేకుండా చిరిగేంత మెత్తగా ఉంటే మీకు కుదిరినట్టే. గోధుమరంగు మరకలు కనిపిస్తే మళ్లీ డబ్బాలో వేసి కాల్చండి. గట్టి మూత ఉన్న సీసాలో దాచండి. తేమ పీల్చిన గుడ్డతో ఈ రోజు పని జరగదు.

ఈ పాఠంలో గొట్టం, కడ్డీ చేసి, కడ్డీ కొసన ఎర్రటి నిప్పు కణిక చూడాలి. ఆ కణికను మంటగా మార్చడం వచ్చే పాఠం.

ముందు ఒక సంగతి. సైకిల్‌కి గాలి కొట్టినప్పుడు పంపు కింది భాగం చెయ్యి పెట్టలేనంత వేడెక్కడం మీకు గుర్తుండే ఉంటుంది. అది రాపిడి వల్ల అని చాలామంది అనుకుంటారు. రాపిడే కారణమైతే పంపు పైనుంచి కిందదాకా ఒకే రకంగా వేడెక్కాలి. కానీ కాలేది అడుగు, గాలి నలిగే చోటు. గాలిని ఒక్కసారిగా చిన్న జాగాలోకి కుదిస్తే, మనం పెట్టిన బలమంతా దానిలో వేడిగా మారుతుంది. పొలంలో డీజిల్ ఇంజను తిప్పినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. దానికి స్పార్క్ ప్లగ్గు ఉండదు, నలిగిన గాలి వేడికే నూనె అంటుకుంటుంది. రుడాల్ఫ్ డీజిల్ ఇంజను 1897లో నడిచింది. మనం చేస్తున్న పనిముట్టు అంతకంటే చాలా పాతది.

దీని పుట్టిల్లు ఆగ్నేయాసియా. మలయా, సుమత్రా, బోర్నియో, బర్మా, ఫిలిప్పీన్స్ ప్రాంతాల్లో వెదురుతో, గట్టి కర్రతో, గేదె కొమ్ముతో చేసుకునేవాళ్లు. కడ్డీ కొసకు దారం బిగించి చుట్టి, కొవ్వో మైనమో పట్టించేవాళ్లు. కొసన పెట్టేది తాటి జాతి చెట్ల మట్టల మొదట్లో దొరికే నూగు. మన ఏజెన్సీ ఊళ్లలో కల్లు గీసే జీలుగు చెట్టు మట్టల దగ్గర కూడా అలాంటి నూగే ఉంటుంది, దొరికితే బొగ్గుగుడ్డ బదులు వాడి చూడండి. ఐరోపాలో ఈ కిటుకు 1802లో పదిమందికీ తెలిసింది, ఫ్రాన్స్‌లోని లియాన్‌లో జోసెఫ్ మోలే అనే ఆచార్యుడు చెప్పగా. 1807లో ఇంగ్లండ్‌లో పేటెంటు వచ్చింది. 1827లో జాన్ వాకర్ గీస్తే వెలిగే అగ్గిపుల్లలు అమ్మడం మొదలుపెట్టాడు, ఆ తర్వాత అక్కడ దీని అవసరం తగ్గిపోయింది.

ఇక పనిలోకి దిగుదాం.

గొట్టానికి అల్యూమినియం పైపు తీసుకోండి. బయటి వ్యాసం 12 మి.మీ., లోపలిది 10 మి.మీ. పొడవు 130 మి.మీ. కోయండి. పీవీసీ పైపు వద్దు, గాజు అసలే వద్దు. లోపల పుట్టే ఒత్తిడి మామూలు గాలి ఒత్తిడికి కొన్ని పదుల రెట్లు ఉంటుంది, పగిలితే ముక్కలు కళ్లలోకే వస్తాయి. పైపు లోపల వెడల్పుగా ఉంటే మంచిదనే ఆలోచన కూడా వదిలేయండి. 10 మి.మీ. గొట్టంలో గాలిని మనకు కావలసినంత నొక్కడానికి లెక్కకు 50–60 కిలోల బరువు పడాలి, అరచేత్తో ఒక్క చరుపు చరిస్తే అది సాధ్యమే. అదే 16 మి.మీ. గొట్టమైతే 150 కిలోలు కావాలి. మనిషి చేతికి అది లొంగదు.

అడుగు మూయడానికి 15 మి.మీ. పొడవున్న అల్యూమినియం దిమ్మ ఒకటి బిగుతుగా సరిపోయేలా అరగదీసి, అరాల్డైట్ జిగురు పూసి దిగగొట్టండి. ఒక రోజు ఆరనివ్వండి. తర్వాత చెక్క దిమ్మలో సరిపడా గుంట తొలిచి గొట్టాన్ని అందులో నిలబెట్టి అతికించండి. దెబ్బ పడ్డప్పుడు అడుగు ఊడిపోకుండా ఆ చెక్కే ఆపుతుంది. ఇప్పుడు గొట్టం లోపలి లోతు 115 మి.మీ.

లోపలి గోడ నున్నన చేయడం దగ్గర తొందర పడకండి. సన్నని పుల్లకు 400 నంబరు ఎమరీ కాగితం చుట్టి, ఆ తర్వాత 800, చివరగా 1200 నంబరుతో రుద్దాలి. కవ్వం తిప్పినట్టు పుల్లను గుండ్రంగా తిప్పండి, పైకీ కిందకీ లాగకండి. నిలువుగా పడిన గీత గాలికి బాట అవుతుంది. అడ్డంగా పడిన గీతతో అంత నష్టం లేదు. గొట్టాన్ని వెలుతురు వైపు పట్టి మూతిలోంచి చూస్తే గోడ మీద వెలుగు ముక్కలవకుండా ఒకే పట్టీలా కనిపించాలి. మూతి లోపలి అంచును ఆకురాయితో కొంచెం ఏటవాలు చేయండి. అక్కడ పదును మిగిలితే కడ్డీకి తొడిగే రబ్బరు రింగు మొదటిసారే తెగిపోతుంది.

కడ్డీకి 10 మి.మీ. అల్యూమినియం లేదా ఇత్తడి కడ్డీ చాలు. డ్రిల్లింగ్ మిషన్‌కు బిగించి తిప్పుతూ ఎమరీ పట్టించి 9.8 మి.మీ. దాకా దించండి. గొట్టంలో జారుగా దిగాలి, లొడలొడలాడకూడదు. పైకొసకు డ్రాయర్లకు పెట్టే చెక్క గుబ్బ బిగించండి. గుబ్బ కింద కడ్డీ పొడవు 111 మి.మీ. ఉండాలి. అప్పుడు గుబ్బ గొట్టం మూతికి తగిలేసరికి అడుగున 4 మి.మీ. జాగా మిగులుతుంది. గాలి అటూ ఇటూగా 22 వంతుల్లో ఒక వంతుకు కుదురుతుంది. 30 డిగ్రీల గాలి, వేడి ఎక్కడికీ పోకపోతే, 700 డిగ్రీలు దాటుతుంది. నిజంగా కొంత వేడిని గోడలు లాగేస్తాయి, అందుకే నెమ్మదిగా నొక్కితే లాభం లేదు. కింది కొసన మధ్యలో 4 మి.మీ. వెడల్పు, 5 మి.మీ. లోతున చిన్న గుంట తొలవండి. బొగ్గుగుడ్డ కూర్చునే చోటు అది.

ఇక అసలు విషయం, రింగు. ఈ పాఠంలో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే దీన్నే గుర్తుంచుకోండి. బేరింగులు, ఆయిల్ సీళ్లు అమ్మే దుకాణంలో లోపలి వ్యాసం 6, మందం 2 మి.మీ. ఉన్న ఓ-రింగులు అడగండి. ఒక్కటి కాదు, అయిదారు తీసుకోండి. రింగు కూర్చోవడానికి కడ్డీ కొస నుంచి 6 మి.మీ. వదిలి, చుట్టూ 2.5 మి.మీ. వెడల్పున గాడి తీయాలి. గాడి అడుగున కడ్డీ వ్యాసం 6.5 మి.మీ. మిగలాలి, అంటే లోతు 1.65 మి.మీ. చేత్తో తీయొచ్చు కానీ నా మాట వినండి, ఈ ఒక్క పనికి లేత్ మిషన్ దగ్గరికి వెళ్లండి. కొలతలు కాగితం మీద రాసి ఇవ్వండి, గాడి అయ్యాక వెర్నియర్ (సన్నని కొలతలు తీసే పనిముట్టు) పెట్టి అక్కడే కొలిపించుకోండి.

నేను మొదటిసారి నోటితో చెప్పి వచ్చేశాను. గాడి దాదాపు 2 మి.మీ. లోతు తీశారు. రింగు గాడిలో పూర్తిగా కూరుకుపోయి గొట్టం గోడను ఊరికే తాకేది తప్ప అదిమి పట్టేది కాదు. నాకది తెలియదు. రెండు ఆదివారాలు చరిచి చరిచి అరచెయ్యి కమిలిపోయింది. గుడ్డ బాగాలేదనుకుని మూడుసార్లు కొత్తగా కాల్చాను. తర్వాత ఎవరు వచ్చి నిప్పు రావట్లేదన్నా నేను ముందు రింగే చూస్తున్నాను, తొంభై పాళ్లు తప్పు అక్కడే దొరుకుతోంది.

బిగువు ఎలా తెలుసుకోవాలి? రింగుకు కాస్త వాజలైన్ రాయండి, వేలికొసకు అంటిన జిడ్డు చాలు. ఎక్కువైతే అది గుడ్డను తడిపేస్తుంది. గుడ్డ పెట్టకుండా కడ్డీని సగం దాకా నొక్కి, పది లెక్కపెట్టి వదలండి. స్ప్రింగులా ఎగిరి దాదాపు బయలుదేరిన చోటికి రావాలి. మధ్యలో ఆగిపోతే గాలి పోతోంది. ఎక్కడ పోతోందో పంక్చరు షాపువాడి పద్ధతిలో చూడొచ్చు. బకెట్ నీళ్లలో గొట్టాన్ని ముంచి నొక్కండి. బుడగలు మూతి దగ్గర వస్తే రింగు తప్పు, అడుగున వస్తే అరాల్డైట్ తప్పు. చూశాక గొట్టాన్ని పొడిగుడ్డతో తుడిచి గంటసేపు ఎండలో పెట్టండి. లోపల ఒక్క నీటి చుక్క ఉన్నా నిప్పు పుట్టదు.

ఇప్పుడు నిప్పు. కళ్లద్దాలు పెట్టుకోండి. దగ్గర్లో కిరోసిన్, పెట్రోలు, ఎండుగడ్డి లేకుండా చూసుకోండి. గొట్టంలోకి బొగ్గుగుడ్డో నూగో తప్ప ఇంకేదీ వెళ్లకూడదు. కిరోసిన్, పెట్రోలు, అగ్గిపుల్ల మందు, టపాసుల మందు ఏది వేసినా గొట్టం చేతిలోనే పేలుతుంది. పిల్లలు చేస్తుంటే పక్కన పెద్దవాళ్లు ఉండి తీరాలి.

శనగగింజంత గుడ్డ ముక్కను గుంటలో వదులుగా పెట్టండి. అదిమి కూరితే గాలి లోపలికి వెళ్లదు. గుడ్డ అంచు కొంచెం బయటికి కనిపించాలి. చెక్క దిమ్మను నాపరాయి మీదో గచ్చు మీదో ఆనించి, ఎడమచేత్తో గొట్టం పట్టుకుని, కడ్డీని రింగు మునిగేదాకా మెల్లిగా దించండి. తర్వాత కుడి అరచేత్తో గుబ్బ మీద ఒక్క చరుపు, సూటిగా, చివరంటా. కడ్డీ వంకరగా దిగితే రింగు ఒకవైపు అరుగుతుంది.

చరిచిన వెంటనే కడ్డీని లాగేయండి. ఇక్కడ చాలామంది ఒక క్షణం ఆలస్యం చేస్తారు. గొట్టంలో ఉన్న గాలి 9 సీసీ కూడా లేదు, అందులో ఆక్సిజన్ 2 సీసీ లోపే. కణిక పుట్టగానే దాన్ని కాస్తా మింగేసి ఆరిపోతుంది. బయటికి తీసిన కడ్డీ కొసను ఒక పక్కనుంచి మెల్లిగా ఊదండి. మొదట సన్నని పొగ తీగ, తర్వాత నల్లటి గుడ్డ అంచున సూదిమొనంత ఎరుపు. ఊదేకొద్దీ ఆ ఎరుపు గుడ్డంతా పాకుతుంది. నీడలో చూడండి, ఎండలో కనపడదు.

మొదటి దెబ్బకే రాకపోతే మళ్లీ చరిచే ముందు గొట్టంలో కాలిన గాలిని పోనివ్వండి. తలకిందులు చేసి నాలుగుసార్లు గట్టిగా విదిలిస్తే చాలు. గొట్టంలోకి నోటితో ఊదకండి, ఊపిరిలో తడి ఉంటుంది. గుడ్డ మార్చండి. అయిదు ప్రయత్నాల్లో రాకపోతే చేతిని హింసించడం మానేసి, మళ్లీ స్ప్రింగు పరీక్ష చేయండి.

వచ్చే పాఠానికి ఇంట్లో పని: ఆరారగా పది కణికలు తీయండి, ఎన్ని దెబ్బలకు ఎన్ని వచ్చాయో కాగితం మీద రాసిపెట్టండి. ఒక గుప్పెడు కొబ్బరి పీచు విడదీసి, రెండు రోజులు ఎండబెట్టి, గిజిగాడి గూడు అల్లినట్టు చుట్టి దాచండి. ఈ కణికను ఆ గూట్లో వేసి మంట తీద్దాం.