హెడర్ డేటా ప్రతి వ్యూల రాసుడెందుకు, జాంగోల ఒక్కకాడ పెడితే సాలు

ఎనుమాముల మార్కెట్ దిక్కు ఒక విత్తనాల షాపుకు జాంగోల (పైథాన్‌తోని సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్) సైట్ చేసిన. పైన షాపు ఫోన్ నంబరు, పత్తి, మిర్చి, మక్క అని కేటగిరీలు, పక్కన కార్టుల ఎన్ని ఉన్నయో లెక్క, ఇవి అన్ని పేజీలల్ల రావాలె. నేనేమో ప్రతి వ్యూల (పేజీకి డేటా తయారు చేసి పంపే ఫంక్షన్) అవే నాలుగు లైన్లు కాపీ కొట్టుకుంట పోయిన, తర్వాత నంబరు మారింది, అన్నిట్ల మార్చి ఒక్క వ్యూ మర్శిన, షాపాయిన ఫోన్ చేసి "ఏం తమ్మీ, కాంటాక్ట్ పేజీల ఇంకా పాత నంబరే ఉన్నదేంది" అన్నడు.

దీనికే కాంటెక్స్ట్ ప్రాసెసర్ అని ఉంటది. పేరు పెద్దగుంది గని మామూలు పైథాన్ ఫంక్షనే, రిక్వెస్ట్ తీస్కుంటది, డిక్షనరీ ఇస్తది. యాప్ ఫోల్డర్ల కాంటెక్స్ట్_ప్రాసెసర్స్ అని పైథాన్ ఫైల్ పెట్టి అండ్ల రాయున్రి. సెట్టింగ్స్‌ల టెంప్లేట్స్, దాని లోపల ఆప్షన్స్, అండ్ల కాంటెక్స్ట్_ప్రాసెసర్స్ లిస్టు ఉంటది, ఆ లిస్టుల యాప్ పేరు, ఫైల్ పేరు, ఫంక్షన్ పేరు మధ్యల చుక్కలు పెట్టి చేర్చున్రి. ఇగ ఆ డిక్షనరీల షాప్_నంబర్ అని పేరు పెడితే, ఏ టెంప్లేట్ల (పేజీ హెచ్‌టీఎంఎల్ ఫైల్) ఆ పేరు రాసినా నంబరు వస్తది. అదే పేరుతోని వ్యూ వేరేది పంపితే రెండర్‌ల (టెంప్లేట్‌ల డేటా నింపి పేజీ తయారు చేసే ఫంక్షన్) వ్యూదే నడుస్తది, అందుకే పేర్లు కలవకుంట చూస్కోన్రి.

అసలు తిప్పలు ఇక్కడున్నది: ఈ ఫంక్షన్ ప్రతి పేజీకి నడుస్తది, అడ్మిన్ పేజీలకు గూడ. కేటగిరీల క్వెరీసెట్ (డేటాబేస్‌ను ఏం అడగాలెనో రాసిపెట్టుకున్నది) అట్లనే ఇస్తే పర్లేదు, టెంప్లేట్ల లూప్ తిరిగినప్పుడే డేటాబేస్‌కు పోతది. కార్టు లెక్కకు కౌంట్ పిలిస్తే మాత్రం హెడర్ లేని పేజీల గూడ ఉత్తగనే క్వెరీ కొడ్తది. కౌంట్ పిలిచే చిన్న ఫంక్షన్‌ను జాంగోల ఉండే సింపుల్‌లేజీఆబ్జెక్ట్‌ల సుట్టి ఇయ్యున్రి, వాడినప్పుడే లెక్క తీస్తది, మొబైల్ మెనూల మళ్ల వాడినా ఒక్కసారే. నంబరును క్యాష్‌ల (మళ్ల మళ్ల డేటాబేస్‌కు పోకుంట దాచే జాగ) పెట్టిన, సేవ్ కాంగనే క్యాష్ తుడిచేటట్టు గూడ రాసిన, లేకుంటే షాపాయిన మళ్ల ఫోన్ చేస్తడు.

రెండర్_టు_స్ట్రింగ్‌తోని (టెంప్లేట్‌ను ఉత్త టెక్స్ట్‌గ ఇచ్చే ఫంక్షన్) మెయిల్ తయారు చేస్తే రిక్వెస్ట్ గూడ ఇయ్యాలె, లేకుంటే మీ ప్రాసెసర్ నడువది, నంబరు కాడ ఖాళీ ఉంటది, ఎర్రర్ గూడ రాదు. సర్వర్ల ఎర్రరొస్తే చూపే 500 పేజీకైతే జాంగో ఏ వేరియబులూ పంపది, అండ్ల నంబరు చేత్తోనే రాసిన, అదొక్కటి యాదివెట్టుకోని మార్చాలె.